పాయింట్ల కోసం పేమెంట్ యాప్‌కి అన్ని పర్మిషన్లూ ఇచ్చేయాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. మీరు ప్రయాణాలు ఎక్కువ చేస్తారు. ఒక మొబైల్ పేమెంట్ యాప్ ప్రతి చెల్లింపుకీ విమాన మైళ్లు, అంటే విమాన టికెట్లకు వాడుకునే పాయింట్లు, ఇస్తానంటోంది. బదులుగా లొకేషన్, ఎస్సెమ్మెస్‌లు, కాంటాక్ట్‌లు, ఈమెయిల్ ఇన్‌బాక్స్ చూసే అనుమతి అడుగుతోంది. ఎయిర్‌లైన్ ఖాతా, బ్యాంకు ఖాతా లింక్ చేస్తే ఇంకా బోనస్ అంటోంది. మీ స్నేహితుడేమో "మన వివరాలు ఎలాగూ అందరి దగ్గరా ఉన్నాయి, పాయింట్లైనా రానీ" అంటున్నారు. ఈ బేరం గిట్టుబాటు అవుతుందా అని అడిగారు.

నేను చాలాకాలం పేమెంట్ల సాఫ్ట్‌వేర్ మీద పనిచేశాను, తర్వాత ఒక లాయల్టీ ప్రోగ్రామ్ (మళ్లీమళ్లీ వచ్చే కస్టమర్లకు పాయింట్లిచ్చే పథకం) నడిపే టీమ్‌లో ఉన్నాను. ఇప్పటికీ పాయింట్లు పోగేసుకుంటాను, అందులో నాకు మొహమాటమేమీ లేదు. నేను చెప్పేది ఒక్కటే: చెల్లింపుకి వచ్చే పాయింట్లు తీసుకోండి, ఫోన్‌లోకి తొంగి చూస్తానంటే మాత్రం ఒప్పుకోకండి. ఇవి రెండు వేర్వేరు బేరాలు. యాప్ వాళ్లు రెంటినీ కలిపి ఒకే "అంగీకరిస్తున్నాను" బటన్ కింద పెడతారు, అక్కడే మనం బోల్తా పడతాం.

ముందు మీ స్నేహితుడి మాట సంగతి. అందులో సగం నిజం ఉంది. మీరు ఒక మందుల షాపులో కార్డుతోనో, కార్డు ఎక్కించిన ఫోన్‌తోనో డబ్బు కట్టారనుకోండి. ఆ క్షణంలో అక్కడి నుంచి బయలుదేరే రికార్డులో మొత్తం, తేదీ, సమయం, వ్యాపారి పేరు, ఊరు, ఆ మెషిన్ నంబరు ఉంటాయి. వీటితోపాటు 4 అంకెల వర్గం కోడ్ ఒకటి ఉంటుంది. 5912 అంటే మందుల షాపు, 8011 అంటే డాక్టరు, 5813 అంటే బార్, 7995 అంటే పందేలు, జూదం, 7273 అంటే డేటింగ్ సేవలు. ఏ మందు కొన్నారో మామూలుగా ఆ రికార్డులో ఉండదు. కానీ నెలనెలా అదే తారీఖున, దాదాపు అంతే మొత్తానికి 5912 పడుతుంటే, మధ్యమధ్య 8011 కనబడుతుంటే, అర్థం చేసుకోవడానికి మందు పేరు అక్కర్లేదు. విమాన టికెట్ కొంటే ఇంకా విడమరిచి వెళ్తుంది: ప్రయాణికుడి పేరు, టికెట్ నంబరు, ఎక్కడి నుంచి ఎక్కడికి, ఏ రోజు, ఏ తరగతి అన్నవి కూడా కార్డు నెట్‌వర్క్ (వీసా, మాస్టర్‌కార్డ్ లాంటివి) సందేశానికి జతచేసే ఏర్పాటు ఎప్పటి నుంచో ఉంది.

పాయింట్లు వచ్చినా రాకపోయినా ఇదంతా మీ బ్యాంకుకి తెలుస్తుంది. డబ్బు కదలాలంటే తెలియక తప్పదు. ఈ మేరకు మీ స్నేహితుడు చెప్పింది ఒప్పే. ఇచ్చేసిన సమాచారానికి నాలుగు పాయింట్లు వస్తుంటే కాదనడమెందుకు?

"ఫోన్‌తో ట్యాప్ చేస్తే అసలు కార్డు నంబరే వెళ్లదు కదా" అని కొందరంటారు. నిజమే, 2014లో ఆపిల్ పే వచ్చినప్పటి నుంచి టోకెన్ పద్ధతి బాగా వ్యాపించింది. దుకాణానికి అసలు నంబరు బదులు వేరే నంబరు వెళ్తుంది. దొంగతనం నుంచి కాపాడటానికి అది చాలా మంచి ఏర్పాటు. మనిషిని దాచడానికి మాత్రం కాదు. ఫోన్‌లో ఒక టోకెన్, వాచీలో ఇంకొకటి ఉంటే, రెండూ ఒకే కార్డువని దుకాణానికి తెలియక లాయల్టీ లెక్కలు తప్పేవి. అందుకే పీఏఆర్ (పేమెంట్ అకౌంట్ రిఫరెన్స్) అనే 29 అక్షరాల గుర్తింపు ఒకటి తెచ్చారు. టోకెన్లు ఎన్ని మారినా దాని వెనక ఖాతా ఒకటేనని అది చెబుతుంది. దాంతో చెల్లింపు చేయలేరు కాబట్టి అది దొంగకి పనికిరాదు. కానీ మీరు మళ్లీ వచ్చారని పసిగట్టడానికి అది చాలు.

పేరు తీసేసి వాడతాం, ఎవరిదో తెలియదు అని ప్రతి ప్రైవసీ పాలసీలోనూ ఒక వాక్యం ఉంటుంది. 2015లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన ఈ భరోసాని బాగా సడలించింది. 11 లక్షల మంది కార్డు లావాదేవీలు, 3 నెలలవి, పేర్లూ నంబర్లూ తీసేసినవి తీసుకుని చూశారు. ఒక మనిషి ఏ రోజు ఏ దుకాణంలో ఉన్నాడన్న ముక్కలు 4 తెలిస్తే చాలు, 90 శాతం మందిని గుంపులోంచి వేరు చేయగలిగారు. దానికి సుమారు ధర కూడా తోడైతే పట్టుబడే అవకాశం ఇంకా పెరిగింది. మీరు సోషల్ మీడియాలో పెట్టే నాలుగు ట్రిప్ ఫొటోల్లో సరిగ్గా ఈ ముక్కలే ఉంటాయి.

ఇక రెండో బేరం. అసలు నష్టం ఇక్కడే.

ఎస్సెమ్మెస్ పర్మిషన్‌తో మొదలుపెడతాను, ఎందుకంటే దీన్ని జనం చాలా తేలిగ్గా ఇచ్చేస్తారు. "ఓటీపీ తనంతట తనే నింపుకుంటుంది" అని కారణం చెబుతారు. దానికి ఇన్‌బాక్స్ మొత్తం చదివే హక్కు అవసరమే లేదు. ఆండ్రాయిడ్‌లో ఆ ఒక్క మెసేజ్‌ని మాత్రమే యాప్‌కి అందించే విధానం ఎప్పటి నుంచో ఉంది, ఐఫోన్‌లో కీబోర్డే ఓటీపీ చూపిస్తుంది, యాప్‌కి మీ మెసేజ్‌లు కనబడనే కనబడవు. కాబట్టి ఇన్‌బాక్స్ మొత్తం అడిగిన యాప్‌కి ఇంకేదో పని ఉంది. మీ ఇన్‌బాక్స్ ఒకసారి పైనుంచి కిందికి చూడండి. మిగతా బ్యాంకుల బ్యాలెన్స్‌లు, అప్పు వాయిదా దాటిందన్న హెచ్చరికలు, ల్యాబ్ రిపోర్టు సిద్ధమైందన్న కబురు, బీమా ప్రీమియం, పిల్లల స్కూలు ఫీజు, పోటీ ఎయిర్‌లైన్ పంపిన బోర్డింగ్ సమయం. ఈ యాప్‌తో మీరు కట్టని చెల్లింపులు కూడా ఈ దారిన దానికి చేరిపోతాయి. చెల్లింపుకి పాయింట్లు ఇస్తానన్న యాప్, చెల్లించనివాటి వివరాలు కూడా పట్టుకెళ్తోందన్నమాట. వాటికి ఒక్క పాయింటూ ఇవ్వదు.

ఈమెయిల్ ఇంకా పెద్దది. "మీ టికెట్ రసీదులు మేమే వెతికి, రావలసిన మైళ్లు జమ చేస్తాం" అనే సదుపాయం వినడానికి బాగుంటుంది. అన్‌రోల్‌మీ అనే ఉచిత సేవ ఇలాగే ఇన్‌బాక్స్ శుభ్రం చేస్తానని అనుమతి తీసుకునేది. దాని మాతృసంస్థ, జనం ఇన్‌బాక్సుల్లోని లిఫ్ట్ క్యాబ్ రసీదుల సమాచారాన్ని పేర్లు తీసేసి పోటీదారు ఊబర్‌కి అమ్మిన సంగతి 2017లో బయటపడింది. మీ ప్రైవేటు మెయిళ్లు ముట్టుకోబోమని వాడుకరులకు చెప్పి, రసీదులను మాత్రం ఏరుకుందని అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆ కంపెనీ మీద చర్య తీసుకుంది, 2019లో రాజీ కుదిరింది. ఇక్కడ గమనించాల్సింది ఏమిటంటే, ఎవరూ ఏదీ దొంగిలించలేదు. వాడుకరులే అనుమతిచ్చారు. రసీదుకి మైళ్లు కావాలంటే ఆ ఒక్క రసీదునీ ఫార్వర్డ్ చేయండి, లేదా టికెట్ నంబరు ఎయిర్‌లైన్ సైట్‌లో మీరే కొట్టండి. రెండు నిమిషాల పని. ఇన్‌బాక్స్ తాళం ఇచ్చేంత పని కాదు.

కాంటాక్ట్‌ల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. అవి మీవి కావు, ఎదుటివాళ్లవి. మీకొచ్చే పాయింట్ల కోసం వాళ్ల నంబర్లు ఇవ్వడం మర్యాద కాదు. డబ్బు పంపాల్సిన మనిషి నంబరు అప్పటికప్పుడు టైప్ చేస్తే సరిపోతుంది. ఐఓఎస్ 18 నుంచి ఎంపిక చేసిన కాంటాక్ట్‌లు మాత్రమే ఇచ్చే వీలు కూడా ఉంది.

లొకేషన్ విషయంలో నేను అంత పట్టుదలగా ఉండను. మోసాలు పట్టడానికి అది నిజంగా పనికొస్తుంది: ఫోన్ ఒక దేశంలో, కార్డు వాడకం ఇంకో దేశంలో ఉంటే అనుమానించాల్సిందే. కానీ దానికి చెల్లించే క్షణంలో, సుమారుగా ఏ ఊళ్లో ఉన్నారో తెలిస్తే చాలు. "ఎల్లప్పుడూ అనుమతించు" అని అడుగుతోందంటే అది మోసాల కోసం కాదు, మీరు ఏ దుకాణం ముందు ఎంతసేపు నిలబడ్డారో, రాత్రిళ్లు ఎక్కడ ఉంటారో తెలుసుకోవడం కోసం. ఐఓఎస్ 14, ఆండ్రాయిడ్ 12 నుంచి కచ్చితమైన లొకేషన్ బదులు సుమారు లొకేషన్ ఇచ్చే వీలుంది. "యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే" పెట్టి, కచ్చితత్వం ఆపేయండి.

ఇవన్నీ ఆపేస్తే పాయింట్లు ఆగిపోతాయేమోనని టెన్షన్ అక్కర్లేదు. ఆపేసి ఒక చెల్లింపు చేసి చూడండి. నేను చూసిన యాప్‌లలో చాలావాటిలో చెల్లింపు పాయింట్లు మామూలుగానే పడతాయి, పోయేది "ఫలానా దుకాణం దగ్గరలో ఉంది, రండి" అనే ఆఫర్లు, ఒక్కోసారి చేరినప్పటి బోనస్. ఆ బోనస్ విలువెంతో లెక్కేసుకోండి. మీరు వెళ్లాలనుకుంటున్న విమానానికే నగదు ధర చూడండి, అందులోంచి పాయింట్లతో కొన్నా తప్పని పన్నులు, ఫీజులు తీసేయండి, మిగిలినదాన్ని కావలసిన పాయింట్లతో భాగించండి. ధర 12,000 రూపాయలు, పన్నులు 2,000, అడిగే పాయింట్లు 20,000 అయితే ఒక్కో పాయింటు విలువ అర రూపాయి. 1,000 పాయింట్ల బోనస్ అంటే 500 రూపాయలు. ఇన్‌బాక్స్ తాళానికి ఒక్కసారి ఇచ్చే వెల అది. "లక్షల మైళ్లు గెలవండి" అన్న ప్రకటన పక్కన ఈ లెక్క పెట్టుకుంటే హుషారు కాస్త దిగుతుంది.

పైగా ఆ వెల నిలకడైనది కూడా కాదు. ఏ ప్రోగ్రామ్ షరతులు చూసినా పాయింట్లు మీ ఆస్తి కాదనీ, విలువ మార్చే హక్కు, ఖాతా రద్దు చేసే హక్కు కంపెనీదేననీ ఉంటుంది. ఇవి అలంకారానికి రాసిన వాక్యాలు కావు. అమెరికాలో నార్త్‌వెస్ట్ ఎయిర్‌లైన్స్ ఒక సభ్యుణ్ణి, ఫిర్యాదులు మరీ ఎక్కువ చేస్తున్నాడని ప్రోగ్రామ్ నుంచి తీసేసింది. ఆయన, కంపెనీ నిజాయితీగా వ్యవహరించలేదని కోర్టుకెక్కారు. 2014లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా కంపెనీ పక్షానే నిలిచింది, 1978 నాటి విమానయాన చట్టం ముందు ఆ వాదన చెల్లదంది. పాయింట్లకు గడువు ఉంటుంది, గడువు లేకపోతే రేటు మారుతుంది. మీరిచ్చిన పుట్టినరోజు, పాస్‌పోర్టు నంబరు, మూడేళ్ల ప్రయాణ చరిత్ర మాత్రం ఇచ్చినవి ఇచ్చినట్టే ఉంటాయి.

అసలీ ప్రోగ్రాములు పుట్టిందే డేటాలోంచి. 1981లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ తన ఆడ్వాంటేజ్ ప్రోగ్రామ్ మొదలుపెట్టినప్పుడు మొదటి సభ్యులను ఎలా ఎంచిందో తెలుసా? సేబర్ అనే తన బుకింగ్ కంప్యూటర్‌లో ఏ ఫోన్ నంబర్లు మళ్లీమళ్లీ వస్తున్నాయో వెతికింది. అప్పటికి పాయింటు అనేదే లేదు, ఫోన్ నంబరు మాత్రం ఉంది. నాకు ఈ వ్యాపారంలో అన్నిటికన్నా ఇష్టమైన కథ ఇదే. ఆ తర్వాత మైళ్లను బ్యాంకులకు అమ్మడం పెద్ద ఆదాయమైంది. 2020లో విమానాలు నేలకి దిగిపోయి డబ్బుకి కటకటలాడినప్పుడు, యునైటెడ్ ఎయిర్‌లైన్స్ తన మైలేజ్‌ప్లస్ ప్రోగ్రామ్‌ని తాకట్టు పెట్టి అప్పు తెచ్చింది. ఆ ప్రోగ్రామ్ విలువ దాదాపు 2,190 కోట్ల డాలర్లని అప్పుడు లెక్కగట్టారు. అప్పటికి స్టాక్ మార్కెట్‌లో కంపెనీ మొత్తం విలువే అంత లేదు. మీ వివరాలకు వాళ్ల దగ్గర ధర లేదని మాత్రం అనుకోకండి.

లింకుల సంగతి. పేమెంట్ యాప్, ఎయిర్‌లైన్, హోటల్, క్యాబ్ ఖాతాలు ఒకదానికొకటి కలిపితే ఒక్కో ఖర్చుకి రెండు చోట్ల పాయింట్లు వస్తాయి. ఇది నేనూ చేస్తాను, కానీ ఒక షరతు మీద: లింక్ చేసేటప్పుడు ఎయిర్‌లైన్ సొంత పేజీ తెరుచుకుని, అక్కడే లాగిన్ అయి, ఏమేం పంచుకుంటారో చూపించి ఒప్పుకోమనాలి. అలా కాకుండా యాప్ తన పెట్టెలోనే ఎయిర్‌లైన్ పాస్‌వర్డో, నెట్‌బ్యాంకింగ్ పాస్‌వర్డో అడిగితే అక్కడితో ఆపేయండి. పాయింట్లు కూడా డబ్బులాంటివే, దొంగలు వాటితో గిఫ్ట్ కార్డులు కొనేస్తారు.

ప్రయాణ ఖాతాకి ఇంకో చిక్కుంది. దుకాణం లాయల్టీ కార్డుకి ముద్దుపేరు ఇచ్చినా చెల్లుతుంది. ఎయిర్‌లైన్ ఖాతాలో పాస్‌పోర్టులో ఉన్న పేరే ఉండాలి, పుట్టిన తేదీ నిజమైనదే ఉండాలి. అంటే మిగతాచోట్ల పోగైన చిల్లర సమాచారమంతా ఎయిర్‌లైన్ ఖాతాకి లింకైన మరుక్షణం అసలు పేరు మీదికి వచ్చి చేరుతుంది. పైగా ఈ ఖాతాలున్న చోట్లకు కన్నం పడటం కొత్త కాదు. హోటళ్ల కంపెనీ మారియట్ 2018లో బయటపెట్టిన, తన కింది స్టార్‌వుడ్ హోటళ్ల డేటా చోరీలో గరిష్ఠంగా 38 కోట్ల 30 లక్షల రికార్డులు ఉన్నాయని తర్వాత తేల్చారు, అందులో ఎన్‌క్రిప్ట్ చేయని పాస్‌పోర్టు నంబర్లే 52 లక్షల పైచిలుకు. 2025లో ఆస్ట్రేలియా ఎయిర్‌లైన్ క్వాంటాస్‌లో 57 లక్షల మంది వివరాలు పోయాయి. పాస్‌పోర్టులు, కార్డు నంబర్లు పోలేదు కానీ పేర్లు, ఫ్రీక్వెంట్ ఫ్లయర్ నంబర్లు, కొందరివి పుట్టిన తేదీలు, ఇంకా తక్కువమందివి భోజన ఎంపికలు కూడా పోయాయి. భోజన ఎంపిక అంటే నవ్వొస్తుంది గానీ, కొందరి విషయంలో అది మతం చెబుతుంది, కొందరి విషయంలో జబ్బు చెబుతుంది.

సందర్భం వచ్చింది కాబట్టి ఒక మాట: పాయింట్ల మురిపెంలో బోర్డింగ్ పాస్ ఫొటోలు పెట్టకండి. ఆస్ట్రేలియా మాజీ ప్రధాని టోనీ అబాట్ 2020లో అలాగే పెట్టారు. అందులోని బుకింగ్ నంబరుతో ఎయిర్‌లైన్ సైట్‌లోకి వెళ్లి ఒక హ్యాకర్ ఆయన పాస్‌పోర్టు నంబరు, ఫోన్ నంబరు చూడగలిగాడు. అతను మంచివాడు కాబట్టి వాళ్లకే తెలియజేశాడు.

మీరు పాలసీ చదివానన్నారు, "మీ డేటా అమ్మం" అని ఉందన్నారు. ఆ వాక్యం దగ్గర ఆగకుండా "భాగస్వాములు", "అనుబంధ సంస్థలు" అన్న మాటలు వెతకండి. 2018లో పేమెంట్ల కంపెనీ పేపాల్ తాను ఎవరెవరితో సమాచారం పంచుకోవచ్చో జాబితా పెడితే అందులో 600కి పైగా పేర్లున్నాయి. అందరూ చెడ్డవాళ్లని కాదు, బ్యాంకులు, మోసాలు పట్టే సంస్థలు కూడా అందులో ఉంటాయి. కానీ "పంచుకోవడం" అన్న మాట ఎంత సాగుతుందో దానివల్ల తెలుస్తుంది. ఇంకో చిట్కా: పాలసీలో కాలిఫోర్నియా నివాసుల కోసం అనే భాగం ఉంటే, మీరు ఎక్కడివారైనా అది చదవండి. అక్కడి చట్టం ప్రకారం, డేటాకి బదులుగా బోనస్‌లు ఇచ్చే కంపెనీ ఆ డేటా విలువ తన అంచనాలో ఎంతో, ఎలా లెక్కగట్టిందో చెప్పాలి. చాలామంది నీళ్లు నమిలినట్టు రాస్తారు, అయినా మొత్తం పాలసీలో కాస్త సూటిగా ఉండే పేజీ అదే.

కొందరు మాత్రం చెల్లింపు పాయింట్ల బేరం కూడా ఒకటికి రెండుసార్లు ఆలోచించుకోవాలి. విలేకరులు, లాయర్లు, ఇంట్లో హింస నుంచి బయటపడి దూరంగా ఉంటున్నవాళ్లు. ఉమ్మడి ఖాతాలో పాయింట్లు పోగైతే ఎక్కడ, ఎప్పుడు సంపాదించారో ఆ స్టేట్‌మెంట్‌లో పక్కవాళ్లకు కనబడుతుంది. ఆఫీసు ఖర్చుల కార్డుని సొంత యాప్‌లో లింక్ చేసేవాళ్లు కూడా ఆగి చూసుకోవాలి, అక్కడ బయటపడేది మీ ఒక్కరి సమాచారం కాదు, మీ కంపెనీ ఎవరిని కలుస్తోందన్నది కూడా.

ఇప్పటికే అన్నీ ఇచ్చేశానని చివర్లో రాశారు కాబట్టి, బయటికి వచ్చే వరస చెబుతాను. కోపంలో ముందుగా యాప్ డిలీట్ చేయకండి. ఫోన్‌లోంచి యాప్ పోయినా ఈమెయిల్‌కి, ఎయిర్‌లైన్‌కి ఇచ్చిన అనుమతులు వాళ్ల సర్వర్ దగ్గర అలాగే పనిచేస్తుంటాయి. మొదట పాయింట్లు వాడేయండి, లేదా ఎయిర్‌లైన్ ఖాతాకి మార్చేయండి, ఖాతా మూస్తే చాలా ప్రోగ్రాముల్లో మిగిలినవి మురిగిపోతాయి. తర్వాత ఫోన్ సెట్టింగుల్లో పర్మిషన్లు ఒక్కొక్కటీ తీసేయండి. ఆ తర్వాత లింకులు రెండు వైపులా తెంపండి: యాప్‌లో తెంపితే సరిపోదు, ఈమెయిల్ ఖాతాలో బయటి యాప్‌ల జాబితా, ఎయిర్‌లైన్ ఖాతాలో భాగస్వాముల జాబితా కూడా తెరిచి తీసేయాలి. అప్పుడు "నా దగ్గర తీసుకున్న సమాచారం కాపీ పంపండి" అని యాప్ కంపెనీకి రాసి అడగండి. యూరప్ డేటా రక్షణ చట్టం జీడీపీఆర్ కింద మామూలుగా నెలలోపు ఇవ్వాలి, కాలిఫోర్నియాలోనూ ఈ హక్కు ఉంది, దశలవారీగా అమల్లోకి వస్తున్న భారత్ 2023 చట్టంలో మీ సమాచారం సారాంశం అడిగే హక్కు ఉంది. కాపీ చేతికొచ్చాక చెరిపేయమని అడగండి. ముందే చెరిపేయమంటే ఏం తీసుకున్నారో మీకెప్పటికీ తెలియదు. మనీలాండరింగ్ నిబంధనల వల్ల లావాదేవీల రికార్డులు మాత్రం కనీసం 5 ఏళ్లు ఉంచుతారు, వాటి గురించి పోట్లాడి లాభం లేదు. ఎస్సెమ్మెస్, కాంటాక్ట్‌లు, లొకేషన్ చరిత్రకి ఆ సాకు చెల్లదు, ఆ మూడింటి పేర్లూ మీ లేఖలో విడివిడిగా రాయండి. చెరిపేశామని జవాబు వచ్చాకే యాప్ తీసేయండి.